సాఫ్ట్ టాపా, హార్డ్ టాపా? వెనక సీట్లో కూర్చునే వాళ్ళని అడగండి



మిర్చికి కాస్త రేటు పలికిన ఏడాది మన పల్నాడు ఊళ్ళలో రెండు మాటలు ఎక్కువగా వినపడతాయి. ఒకటి, ఇంటి మీద ఇంకో అంతస్తు. రెండోది, థార్. అంతస్తు సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. థార్ సంగతికొస్తే, కొందామా వద్దా అన్న మాట తేలకముందే ఇంట్లో కుర్రాడు ఫోన్లో ఫొటో చూపిస్తాడు. ఆ ఫొటోలో బండికి టాపు ఉండదు. వెనకాల కొండలుంటాయి. "నాన్నా, సాఫ్ట్ టాపే తీసుకుందాం" అంటాడు. బాబాయి పక్కనుంచి "గుడ్డకి అంత డబ్బు పోస్తావురా, రేకు టాపు తీసుకో" అంటాడు. ఇద్దరి మాటా వింటుంటే తెల్లారిపోతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇంటికి ఆ ఒక్క బండే ఉండబోతుంటే హార్డ్ టాపే తీసుకోండి. ఇంట్లో ఇప్పటికే కారు ఉండి, ఇది పొలానికీ తోటకీ మాత్రమే తిరిగే రెండో బండి అయితే సాఫ్ట్ టాప్ కి నేను అడ్డు చెప్పను. మా ఇంట్లో ముందు గుడ్డ టాపు జీపు తిరిగింది, ఇప్పుడు గట్టి టాపుది తిరుగుతోంది. రెంటిలోనూ ఎండా వానా చూసి చెబుతున్న మాట ఇది.

ముందు ఏది ఏమిటో తేల్చుకుందాం. సాఫ్ట్ టాప్ అంటే ఇనప కమ్మీల మీద బిగించిన గుడ్డ. 2020 అక్టోబరు 2న అమ్మకానికొచ్చిన థార్ లో ఇది రెండు రకాలుగా వచ్చింది. ఒకటి వెనక్కి మడుచుకునేది. రెండోది గుడ్డదే అయినా మడవడానికి వీల్లేనిది. ఈ రెండో రకం పాత బండ్ల బేరంలో ఇప్పటికీ కనపడుతుంది. కాబట్టి గుడ్డ కనపడగానే టాపు దిగుతుందని అనుకోకండి, మీ ఎదుటే మడిచి చూపించమనండి. అలాగే "హార్డ్ టాప్ తీసుకుని చలికాలం విప్పేద్దాం, వేసవిలో బిగిద్దాం" అని కొందరు అనుకుంటారు. అమెరికా జీపు రాంగ్లర్ లో అది కుదురుతుంది. థార్ గట్టి టాపుని మనం ఇంట్లో విప్పి బిగించుకునేలా చెయ్యలేదు. మారుతి జిప్సీ రెండు రకాల్లోనూ దొరికేది, ఇప్పుడు పాతవే దొరుకుతాయి. 2023లో వచ్చిన ఐదు తలుపుల జిమ్నీకి మన దేశంలో గట్టి టాపు ఒక్కటే.

ఇప్పుడు అసలు వాదనకి వద్దాం. సాఫ్ట్ టాప్ వైపు వాళ్ళు చెప్పే పెద్ద మాట ఒకటుంది: "టాపు తియ్యని బండి కొనేదానికి అదే డబ్బుతో ఇంకో మంచి కారు రాదా? జీపు అంటేనే టాపు లేనిది." వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆలోచించండి. బురదలో బండిని ముందుకు నడిపేది కింద భాగం. థార్ నేలకి 226 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, అంటే దాదాపు తొమ్మిది అంగుళాలు. 650 మిల్లీమీటర్ల లోతు నీళ్ళలో, అంటే రెండడుగుల పైచిలుకు లోతులో పోగలదని కంపెనీ చెబుతుంది. నాలుగు చక్రాలూ తిరిగే రకంలో లో గేరు వేరే ఉంటుంది. ఇవేవీ టాపుని బట్టి మారవు. డొంక దారిలో గోతులు దాటడానికి, కాలవ కట్ట ఎక్కడానికి, వాగు దాటడానికి గుడ్డ టాపు బండి ఎంత పనికొస్తుందో గట్టి టాపు బండీ అంతే పనికొస్తుంది. టాపు తేడా అంతా నడుము పైభాగంలోనే. అంటే మనుషులు కూర్చునే చోట.

ఇక్కడ ఒక మాట. 2023 జనవరిలో తక్కువ ధరకి వచ్చిన 1.5 లీటర్ల డీజిల్ థార్ గట్టి టాపుతోనే వచ్చింది, కానీ దానికి వెనక రెండు చక్రాలే తిరుగుతాయి. నల్లరేగడిలో పడ్డ వాన తర్వాత దాన్ని చేలోకి దించితే ట్రాక్టరు పిలవాల్సిందే. నిజం చెప్పాలంటే, రోడ్డు టైర్లతో ఉన్న నాలుగు చక్రాల బండి కూడా మన రేగడిలో నానిన చేలో నిలబడిపోతుంది. అందుకని డబ్బు చాలక దేన్నో ఒకదాన్ని వదులుకోవాల్సి వస్తే టాపు గురించి కాకుండా మీ దారి గురించి ముందు ఆలోచించండి. పొలం దాకా కంకర రోడ్డు ఉన్నవాడికి రెండు చక్రాలది చాలు. రేగడి డొంకలో ఏటా మూడు నెలలు తిరగాల్సినవాడికి చాలదు.

ఇప్పుడు ఎండ సంగతి. రెంటచింతల ఎండ గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మే నెలలో మధ్యాహ్నం గుడ్డ టాపు బండిలో ఏసీ వేసి చూడండి. ముందు కూర్చున్న ఇద్దరికీ గాలి తగులుతుంది. వెనక కూర్చున్నవాళ్ళకి నెత్తి మీద వేడి గుడ్డ, పక్కన ప్లాస్టిక్ కిటికీ. 2020లో వచ్చిన థార్ కి వెనక సీటుకి విడిగా ఏసీ గాలి రాదు. గట్టి టాపులోనూ వెనక సీటు చల్లటి చోటేమీ కాదు, కానీ పైన కప్పు మందంగా ఉంటుంది, చల్లబడిన గాలి లోపలే నిలుస్తుంది. గుడ్డలో చల్లగాలి కుట్ల సందుల్లోంచి పోతూనే ఉంటుంది. ఏసీ ఆపేస్తే మాత్రం గుడ్డదే నయం. కిటికీ జిప్పులు తీసి చుట్టేస్తే నాలుగు వైపులా గాలి ఆడుతుంది. సాయంత్రం పొలం గట్టు మీద ఆగి కూర్చోవడానికి అంత హాయి ఇంకొకటి ఉండదు, ఆ మాట ఒప్పుకోవాలి.

దుమ్ము సంగతి అందరికీ తెలిసిందే అయినా ఒక విషయం గమనించరు. డొంకలో పోతున్న బండి ముందు దుమ్ము తక్కువ, వెనక ఎక్కువ. బండి ముందుకు పోతుంటే వెనక గాలి పలచబడి, చక్రాలు లేపిన దుమ్మంతా తోక వైపు సుడి తిరుగుతుంది. గుడ్డ టాపుకి సందులు ఎక్కువగా ఉండేది కూడా వెనక వైపే. డ్రైవరు తెల్ల చొక్కా తెల్లగానే ఉంటుంది, వెనక కూర్చున్న పిల్లల జుట్టు ఎర్రబడుతుంది. ప్లాస్టిక్ కిటికీల మీద పడ్డ దుమ్ముని పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ఎండకి అవి పసుపు రంగుకి తిరుగుతాయి. రెండు మూడేళ్ళకి రాత్రిపూట వెనకొచ్చే లారీ దీపాలు మసక మసగ్గా కనపడతాయి. వాటిని నీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దితే ఎక్కువ కాలం వస్తాయి. ఆ ఓపిక మీకుందా లేదా చూసుకోండి.

గుడ్డ గుణం రైతుకి ఎవరైనా చెప్పాలా? కల్లంలో కాయల మీద కప్పే పట్టా మనమే కొంటాం. కొన్న ఏడు చుక్క నీరు దిగదు. రెండో ఏడు మడతల దగ్గర చిల్లులు కనపడతాయి. మూడో ఏడు అది పశువుల కొట్టానికి పోతుంది. బండి మీద గుడ్డ అంతకన్నా చాలా మంచిదే, కానీ జాతి అదే. ఎండకి బిరుసెక్కుతుంది, మడత పడ్డ చోట చిట్లుతుంది, కుట్టుపోసిన చోట వాన దిగుతుంది. కంప చెట్ల మధ్యనుంచి పోయే దారిలో, నిమ్మ తోటల్లో, ముల్లు గీస్తే గట్టి టాపుకి గీత పడుతుంది, గుడ్డకి చిరుగు పడుతుంది. కోతులున్న ఊరైతే ఇక చెప్పక్కర్లేదు. అరటిపండ్ల వాసన తగిలితే చాలు, జిప్పు ఎక్కడుందో వాటికి మనకన్నా బాగా తెలుసు. అయితే గుడ్డ చిరిగితే టౌన్లో సీటు కవర్లు కుట్టేవాడు ఒక పూటలో అతుకు వేసి ఇస్తాడు. గట్టి టాపు పగిలితే అంత తేలిగ్గా పోదు. ఇది గుడ్డకున్న నిజమైన లాభం, లెక్కలో వెయ్యాల్సిందే.

తాళం గురించి. గుడ్డ టాపు బండికి తలుపు తాళం వేసుకోవచ్చు, కానీ బ్లేడు ముక్క ఉన్నవాడికి ఆ తాళంతో పనిలేదు. మన బండిలో ఏముంటాయి? మోటారు స్టార్టరు, రాగి వైరు, విత్తనం ప్యాకెట్లు, పాసు పుస్తకం, గుంటూరు మిర్చి యార్డు నుంచి వచ్చే రోజున కాయ డబ్బు. డబ్బు ఏ బండిలోనూ వదిలిపెట్టకూడదు, అది వేరే మాట. మిగతా సామాను వదిలి పెళ్ళి భోజనానికి వెళ్ళాలంటే గట్టి టాపు, అద్దం, తాళం ఉంటే మనసు అన్నం మీద ఉంటుంది.

పురుగుమందుల సంగతి మాత్రం ఏ టాపైనా ఒకటే. ఈ బండ్లలో డిక్కీ అని విడిగా గది ఉండదు. వెనక సీటు వెనకున్న ఖాళీ, మనుషులు కూర్చునే చోటు, రెండూ ఒకే గాలి పీలుస్తాయి. కిటికీలు మూసి ఏసీ వేసుకుని, వెనక మందు డబ్బాలు పెట్టుకుని, ఒళ్ళో పిల్లాడిని కూర్చోబెట్టుకుని రావద్దు. గట్టి టాపులో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, వాసన బయటికి పోయే సందు ఉండదు కాబట్టి. మందులకి ట్రాక్టరు ట్రక్కో, వేరే ట్రిప్పో పెట్టుకోండి. అలాగే ఎరువు బస్తాలు, స్ప్రింక్లర్ పైపులు వేసుకొద్దామని ఈ బండి కొనేవాళ్ళకి ఒక లెక్క: పైపు ఆరు మీటర్లు, బండి నాలుగు మీటర్లు కూడా లేదు. టాపు తీసినా పైపు పట్టదు.

భద్రత గురించి కొంచెం నిదానంగా చదవండి. చాలామంది గుడ్డ టాపు అంటే బండి బోల్తా పడితే చావే అనుకుంటారు. ఇంకొందరు రేకు టాపు ఉంటే ఏమీ కాదనుకుంటారు. రెండూ సగం సగమే నిజం. బోల్తా పడ్డప్పుడు మనిషిని కాపాడేది తల చుట్టూ ఉండే ఇనప చట్రం. 2020 థార్ లో ఆ చట్రం బండితోపాటే వస్తుంది. 2020 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఆ బండికి పెద్దవాళ్ళ భద్రతకీ పిల్లల భద్రతకీ నాలుగేసి స్టార్లు వచ్చాయి. కానీ పాత కమాండర్లలో, పాత జీపుల్లో గుడ్డ కింద కనపడే సన్న కమ్మీలు అలాంటి చట్రం కాదు. అవి గుడ్డని నిలబెట్టడానికి పెట్టినవి, బండి బరువు పడితే ఒంగిపోతాయి. పాత బండి బేరమాడేటప్పుడు ఆ కమ్మీలు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

ఇంకో సంగతి. చట్రం ఎంత గట్టిదైనా మనిషి దాని లోపల ఉంటేనే కాపాడుతుంది. గుడ్డ టాపు మనిషిని లోపల ఆపలేదు, ఆపేది సీటు బెల్టే. మన దగ్గర టాపు తీసిన బండిలో ఎవరు బెల్టు పెట్టుకుంటున్నారు? కోటప్పకొండ తిరునాళ్ళకి పోయే రోజు చూడండి. వెనక నలుగురు నిలబడి, ఒకడు చట్రం పట్టుకుని, ఇంకొకడు వీడియో తీస్తూ పోతుంటారు. టాపు తీయగానే బండి ఊరేగింపు బండి అయిపోతుంది, లోపలున్నవాళ్ళకి అది బండి అన్న సంగతే గుర్తుండదు. సాఫ్ట్ టాప్ మీద నాకున్న పెద్ద అనుమానం గుడ్డ మీద కాదు, ఈ అలవాటు మీద. ఇంట్లో పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళున్న తల్లిదండ్రులు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

మధ్యే మార్గం అని ఒకటి చెబుతారు. "ముందు తక్కువలో వచ్చిన గుడ్డ టాపు బండి కొను, తర్వాత టౌన్లో ఫైబరు టాపు బిగించుకో." జాగ్రత్త. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అనుమతి లేకుండా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చని చట్టంలో ఉంది. జరిమానా కట్టి బయటపడొచ్చు అనుకున్నా, ప్రమాదం జరిగినప్పుడు బీమా వాళ్ళు మొదట వెతికేది ఇలాంటి తేడాలే. ఏదైనా మార్పు చెయ్యాలంటే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఆర్సీలో ఎక్కించుకోండి. పాత బండి కొనేవాళ్ళు ఆర్సీ చేతిలో పట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరగండి. కాగితంలో ఒకటి, బండి మీద ఒకటి ఉంటే ఆ బేరం వదిలెయ్యండి.

డబ్బు మాట ఒకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్లలోపు పొడవుండి 1500 సీసీ లోపు డీజిల్ ఇంజను ఉన్న బండికి 18 శాతం. అదే పొడవు బండికి 2.2 లీటర్ల ఇంజను ఉంటే 40 శాతం. ట్రాక్టరుకి 5 శాతం. మనం దేన్ని అవసరం అనుకుంటున్నామో, సర్కారు దేన్ని విలాసం అనుకుంటోందో ఆ అంకెల్లోనే ఉంది. మన రాబడి ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది, బ్యాంకు వాయిదా నెలనెలా వస్తుంది. ఇంత పెట్టి కొనే బండి ఇంట్లో అందరికీ, అన్ని కాలాల్లో పనికి రావాలి.

అందుకే చివరికి నేను చెప్పే పద్ధతి ఇది. షోరూముకి పోకముందు ఒక కాగితం తీసుకోండి. పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా మీ ఇంటివాళ్ళు ఎక్కడెక్కడికి వెళ్ళారో రాయండి. యార్డు, బ్యాంకు, ఆసుపత్రి, పిల్లల హాస్టలు, పెళ్ళిళ్ళు, చావులు, గుళ్ళు, పొలం. ఒక్కో దాని పక్కన మూడు సంగతులు రాయండి. ఏ నెల? వెనక సీట్లో ఎవరు? ఏం సామాను? రాశాక, వీటిలో టాపు లేకుండా వెళితే బాగుండేవి ఎన్నో సున్నా చుట్టండి. మా ఇంటి కాగితంలో సున్నాలు లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళు చాలాయి, అన్నీ కార్తీకం నుంచి శివరాత్రి లోపువే. మిగతావన్నీ ఎండలోనో, వానలోనో, దుమ్ములోనో, రాత్రిపూటో చేసిన ప్రయాణాలు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజుల్లాంటివి మన జిల్లాలకి కొత్త కాదు. అలాంటి రాత్రి నొప్పులు పడుతున్న కోడల్నో, ఆయాసంతో ఉన్న ముసలాయన్నో ఎక్కించుకుని టౌనుకి పోవాల్సి వస్తే, ఈదురుగాలికి టపటపా కొట్టుకునే గుడ్డ కింద ఎవరూ కూర్చోవాలనుకోరు. ఏడాదికి అలాంటి రాత్రి ఒక్కటే రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు. పది సరదా సాయంత్రాలని, ఆ ఒక్క రాత్రిని తక్కెడలో పెట్టి మీరే తూచండి.

సాఫ్ట్ టాప్ ఎవరికి సరిపోతుందో కూడా చెప్పాలి. తోట దగ్గరే కాపురం ఉండి, రోజూ చెట్ల మధ్య తిరుగుతూ, అడవిపందుల కాపలాకి రాత్రిళ్ళు నాలుగు దిక్కులా చూడాల్సినవాడికి అది మంచి బండి. బండికి మంచి షెడ్డు ఉండాలి. ఇంట్లో ఆడవాళ్ళకి, పిల్లలకి, పెద్దవాళ్ళకి వేరే కారు ఉండాలి. బెల్టు పెట్టుకునే అలవాటు ఉండాలి. ఇవన్నీ ఉంటే నిశ్చింతగా కొనుక్కోండి, గాలి తగిలించుకోండి.

ఇవి లేని ఇంట్లో మాత్రం టాపు సంగతి స్టీరింగు పట్టుకునేవాడు ఒక్కడే తేల్చకూడదు. వాడు ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చుంటాడు, ఏసీ గాలి వాడికే తగులుతుంది. షోరూముకి పోయే రోజు ఇంట్లో అమ్మని, భార్యని, పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. ఈ మూడు తలుపుల బండిలో వెనక్కి ఎక్కాలంటే ముందు సీటు ముడిచి దూరాలి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మని ఒకసారి ఎక్కి దిగమనండి. వాళ్ళని వెనక కూర్చోబెట్టి, మిట్టమధ్యాహ్నం, గుడ్డ టాపుదీ గట్టి టాపుదీ రెండూ పది కిలోమీటర్లు తిప్పండి. దిగాక వాళ్ళు ఏది చెబితే అది రాయించుకోండి.